పైపుల ఫ్యాక్టరీ ఓట్లు

మొన్న ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద రోడ్డు దాటలేక నిలబడిపోయాను, ఏదో పార్టీ ఊరేగింపు పోతోంది. కండువాలు వేసుకొని ఎండలో నడుస్తున్న ఆడవాళ్లలో మా పాత షిఫ్టు మేస్త్రి భార్య కనిపించింది. ముందు రోజు చైతన్యపురిలో ఆవిడే మరో రంగు కండువాతో నడవడం చూశాను కాబట్టి పలకరించాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, ఆవిడే నవ్వి, కూలికి పోవుడే కదన్నా, రంగుదేముంది అంది. ఆవిడను తప్పుపట్టే మొహం నాకెక్కడిది? ఇంటికొచ్చేదాకా మాత్రం మా బావే గుర్తుకొచ్చాడు.

బావ అంటే మా అక్క మొగుడు. నల్లగొండ పల్లె నుంచి నన్ను తీసుకొచ్చి, ఆటోనగర్ అవతలి ఇనుప పైపుల ఫ్యాక్టరీలో పనికి పెట్టించింది ఆయనే. ఫ్యాక్టరీ ఉద్యోగమంటే ఆ రోజుల్లో ఎంత మర్యాదో మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ పేరు చెబితే చాలు, దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఇల్లు దొరికేది. బావ యూనియన్ కార్యదర్శి. ఎన్నికలొస్తే ముందు రోజు గేటు మీటింగులో ఏ గుర్తుకు వేయాలో ఆయన చెప్పేవాడు, మేం చేతులెత్తేవాళ్లం. మర్నాడు షిఫ్టు దిగినవాళ్లూ ఎక్కాల్సినవాళ్లూ ఉతికిన చొక్కాలు తొడుక్కొని గేటు దగ్గర కలిసి, క్యాంటీన్ చాయ్ తాగి, ఆయన వెనకే బారుగా బడిలోని బూత్‌కు నడిచేవాళ్లం. గంగిరెద్దులు పోతున్నాయని బయటివాళ్లు నవ్వేవాళ్లు. కోస్తా నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ గారు కూడా, మీ బావగారు చెప్పాక ఇంక ఆలోచించేదేముందండీ అంటూ ఆ వరుసలోనే నడిచేవారు.

ప్లాస్టిక్ పైపులొచ్చాక మా పైపులు అడిగే నాథుడు లేకుండా పోయాడు. రాజీనామా ఇచ్చిన వాళ్లకు ఇంతని ముట్టజెబుతామంది యాజమాన్యం. మేం గెలిపించిన నాయకుడేమో బావ భుజం మీద చెయ్యి వేసి, ఫ్యాక్టరీ మూతపడనివ్వనని మాటిచ్చాడు. బావ నమ్మాడు. ఎవ్వరూ సంతకాలు పెట్టొద్దని, జర ఓపిక పడితే ఫ్యాక్టరీ మళ్లీ నడుస్తుందని గేటు మీటింగులో చెప్పాడు. ఓటుకు ఎత్తినట్టే బతుకుకూ చేతులెత్తాం, మాకు వచ్చిన పద్ధతి అదొక్కటే. ఫోర్‌మన్ గారొక్కరే చెయ్యెత్తలేదు. ఇచ్చింది పుచ్చుకొని, తుర్కయంజాల్‌లో ప్లాటు కొనుక్కొని వెళ్లిపోయారు.

గేటు మళ్లీ తెరుచుకోలేదు. యాజమాన్యం చేతులెత్తేసింది, నాయకుడు మొహం చాటేశాడు, మాకు రావాల్సింది రాకుండానే స్థలం అమ్ముడుపోయి అపార్టుమెంట్లు లేవసాగాయి. మా వెల్డరు వాటికే వాచ్‌మన్‌గా కుదిరాడు. ఒకాయన ఆటో తోలాడు, ఇంకొకాయన చైతన్యపురి హాస్టల్లో వంటకు కుదిరాడు, ఇళ్లలోని ఆడవాళ్లు చీరల దుకాణాల్లో రోజంతా నిలబడే పనులకు పోయారు. నేను కొరియర్ మూటలు మోశాను. ఫ్యాక్టరీ పని కంటే తేలికే, కానీ అలసట మాత్రం ఎంత పడుకున్నా తీరేది కాదు.

తర్వాతి ఎన్నికల రోజు పొద్దున్నే బావ ఉతికిన చొక్కా వేసుకొని, గేటు ఉండిన చోట, రేకుల కంచె ముందు నిలబడ్డాడు. పక్కన నేను. ఇంకెవరూ రాలేదు. తిట్టినా బాగుండేది. మా వాళ్లే స్కూటర్ల మీద, పార్టీలు పంపిన ఆటోల్లో మా ముందు నుంచే పోతూ, నమస్తే అన్నా అని మర్యాదగా పలకరించి మరీ పోయారు. పింఛను ఇస్తానన్న వాళ్లకు కొందరు, కులపోడికి కొందరు, దేవుడి పేరు చెప్పిన వాళ్లకు కొందరు వేసుకున్నారని తర్వాత తెలిసింది. తప్పేముంది, ఎవరి పొయ్యి మీద ఎసరు వాళ్లకే తెలుసు. ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే ఉండి, బావ మెల్లగా బూత్ వైపు నడిచాడు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ ఏ గుర్తూ చెప్పలేదు. అక్క బతిమాలితే నా వెంట ఓటుకు వస్తాడు, అంతే. పోయిన ఎన్నికల్లో బడి ఆవరణలోకి అడుగుపెట్టాక నా మోచెయ్యి పట్టుకొని ఆపాడు.

"బామ్మర్ది, ఎవ్వలకెయ్యాలె? నువ్వే చెప్పు."

"నీ ఇష్టం బావా" అన్నాను. నాకే తెలియనప్పుడు ఇంకేం చెప్పను?

"నేను చెప్పినందుకే గదరా అందరు ఆగమైండ్రు" అన్నాడు బావ. "ఇగ నాకు నేను చెప్పుకునుడు గూడ భయమైతుంది."

ఒకరు చెబితే అందరం వేసే రోజులు పోయి ఎవరి ఓటు వాళ్లదైంది. అదే మంచిదని నాకూ తెలుసు, మందలో నడిచి మేం బాగుపడ్డదేమీ లేదు. అయినా అప్పుడు పక్కన నడిచే మనిషొకడు ఉండేవాడు, కష్టమొస్తే ఎవరి గడప తొక్కాలో తెలిసేది. ఇప్పుడు ఆ మనుషులంతా ఇదే ఎల్బీనగర్‌లో ఉన్నారు, ఒకరి గడప ఒకరికి తెలియదు.

బావ లోపలికి వెళ్లి చాలాసేపటికి బయటికొచ్చాడు. ఎవరికేశాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకప్పుడైతే అడగాల్సిన పనే ఉండేది కాదు.