కొరియా హోటల్లో నాన్నగారి అన్నం

మాది రాజోలు దగ్గర పల్లె. ఎనభైల్లో కువైట్‌లో, కొరియావాళ్ల కంపెనీలో తాపీపని చేసేవాణ్ణి. ఒకరోజు ఊరినుంచి కొత్తగా వచ్చినాయన, "మీ నాన్నగారు పోయేరండి. భూస్థాపన కూడా అయిపోయిందండి," అన్నాడు. నేనెవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం మా కొరియా మేస్త్రీ కిమ్ గారు నన్ను వాళ్ల చిన్న హోటల్‌కి తీసుకెళ్లారు. తినడానికిచ్చిన పుల్లలు పట్టుకోవడం రాక, వాటిని అన్నంలో నిలువుగా గుచ్చి, చేత్తో కలపబోయాను. పక్కబల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. కిమ్ గారు గబుక్కున పుల్లలు లాగేసి, వచ్చీరాని హిందీలో, "చచ్చిపోయినవాళ్లకే అలా పెడతాం," అన్నారు.

నేను వాటిని తీసుకుని మళ్లీ గుచ్చాను.

"మా నాన్నగారికండి," అన్నాను, తెలుగులోనే.

ఆయనకు అర్థమైంది. చెంచా కింద పెట్టి తల వంచారు.

నాన్నగారికి పిడికెడు మట్టి వేయలేకపోయాను. ఆ పూట అన్నం మాత్రం పెట్టాను.