నాయనమ్మ పలికిన పేరు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నోట మా తాతయ్య పేరు ఒకే ఒక్కసారి విన్నాను. విన్నది రిజిస్ట్రారు ఆఫీసులో. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జల్లుమంటుంది.

మాది గురజాల దగ్గర పల్లె. ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలికేవాళ్ళు కాదు. అందులో నాయనమ్మది మరీ చాదస్తం. తాతయ్య పేరే ఉన్న పాలవాణ్ణి కూడా పేరు పెట్టి పిలిచేది కాదు, 'ఒరేయ్ పాలబ్బాయ్' అనేది. ఓటర్ల లిస్టు రాసేవాళ్ళొచ్చి భర్త పేరు అడిగితే నన్ను ముందుకు తోసేది. నేను ఇంటిపేరుతో సహా గడగడా అప్పజెప్పేదాన్ని.

ఆవిడకి ఒక గొప్ప ఉండేది. సాగర్ కాలువ కింద ఎనిమిదెకరాల మిరప చేను ఆవిడ పేరు మీద ఉంది. ఏ పేరంటానికి వెళ్ళినా ఆ కబురు చెప్పకుండా తాంబూలం అందుకునేది కాదు. "నేనడక్కుండానే రాశాడే. మీ మొగుళ్ళలో ఒక్కడన్నా రాశాడా?" అని పక్కింటి అత్తని ఉడికించేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ చేలో ఆవిడ పడిన చాకిరీ ఇంతా అంతా కాదు. కాయ కోతలప్పుడు కూలీల కంటే ముందే వెళ్ళి గట్టు మీద నిలబడేది.

నేను ఏడో తరగతిలో ఉండగా పిడుగురాళ్ల నుంచి సున్నపు బట్టీల ఆసామి ఒకడు ఆ పొలం కొంటానని వచ్చాడు. తాతయ్య సరేనన్నాడు. నాయనమ్మని ఒక్క మాట అడగలేదు. పొలం ఆవిడదే, బేరం మాత్రం ఆయనది! తెల్లారితే రిజిస్ట్రేషన్ అనగా మధ్యాహ్నం పూట, తాతయ్య ఇనప్పెట్టెలోంచి పాత కాయితాలు తీసి మంచం మీద పెట్టి క్షవరానికి వెళ్ళాడు. నాయనమ్మ మొహం చిన్నబుచ్చుకుని వచ్చి ఆ కట్ట నా ఒళ్ళో పెట్టింది.

"ఏమే, ఆయన నాకు పొలం రాసిచ్చిన కాయితం ఇందులోనే ఉంటది. అదొక్కసారి చదువు. పొయ్యేముందు ఒకసారన్నా ఇంటా," అంది.

నేను బడిలో పాఠం చదివినట్టు గొంతెత్తి మొదలుపెట్టాను. ముందు ఇద్దరి పేర్లు, ఊరి పేరు. తర్వాత ఇలా ఉంది: మనకు మనస్పర్థలు కలిగి, పెద్దల ఎదుట విడాకులు పుచ్చుకుని, నేటి నుండి భార్యాభర్తల సంబంధం ఏమాత్రం లేకుండా వేరువేరుగా బతుకుతున్నందున, నీ బతుకుతెరువుకు మనోవర్తిగా ఈ భూమి ఇవ్వడమైనది. సగం చదివాక గాని నా నోట్లోంచి వస్తున్నదేమిటో నాకు తెలియలేదు. ఆపుదామని చూస్తే, "ఊ, చదువు," అంది. చివర నాయనమ్మ వేలిముద్ర ఉంది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఆవిడ ఏడవలేదు. కుడిచేతి బొటనవేలు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అదెవరిదో అన్నట్టు చూసుకుంది.

తర్వాత పెద్దయ్యాక నాకు సంగతంతా తెలిసింది. ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదని సర్కారు సీలింగు చట్టం తెచ్చింది. మించినదాన్ని తీసుకుని భూమి లేనివాళ్ళకి పంచాలి. మాగాణికి ఆ హద్దు మెట్ట కంటే తక్కువ. సాగర్ నీళ్ళొచ్చి మా మెట్ట కాస్తా మాగాణి కావడంతో తాతయ్య భూమి ఆ హద్దు దాటింది. విడిపోయిన భార్య అయితే వేరే లెక్కలోకి వస్తుంది. అందుకని వెనకటి తేదీ వేయించి, ఇద్దరు పెద్దమనుషుల చేత సాక్షి సంతకాలు పెట్టించి, చదువురాని నాయనమ్మ చేత వేలిముద్ర వేయించాడు. ఊళ్ళో ఒకరు పాలేరు పేరున రాశారు, ఒకరు బావమరిది పేరున రాశారు. మా తాతయ్య చెడ్డవాడేం కాదు. కానీ ఆ కాయితం చేయించుకొచ్చిన సాయంత్రం కూడా ఆవిడ వడ్డించిన అన్నమే తిని ఉంటాడు కదా! అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మర్నాడు నాయనమ్మ తాతయ్యతో పాటు బస్సెక్కింది. నన్ను కూడా రమ్మని పట్టుబట్టింది. ఆఫీసులో దస్తావేజు రాసే ఆయన, కొనే ఆసామి, తాతయ్య అందరూ బల్ల చుట్టూ చేరారు. రిజిస్ట్రారు నాయనమ్మ పేరు అడిగాడు, చెప్పింది. భర్త పేరు అడిగాడు. తాతయ్య అలవాటుగా నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయాను. నాయనమ్మ అరచెయ్యి నా నోటికి అడ్డం పడింది.

ఇంటిపేరుతో సహా, తొణక్కుండా, తాతయ్య పేరు ఆవిడే పలికింది.

"ఇదిగో, ఈయనే. మొగుడైతే పేరెత్తగూడదు గదయ్యా. కాడని ఈయనే రాపిచ్చాడు, అందుకని చెప్తన్నా. ఈ పొలం నా మనోవర్తి. నేనమ్మను."

దస్తావేజు రాసే ఆయన కలం కింద పెట్టేశాడు. అమ్మే మనిషి ఒప్పుకోకపోతే తానేమీ చెయ్యలేనని రిజిస్ట్రారు చేతులెత్తేశాడు. ఆవిడ తన భార్యేనని తాతయ్య అంటే ఆ కాయితం అబద్ధమవుతుంది, సీలింగు మళ్ళీ మెడకు చుట్టుకుంటుంది. కాదంటే పొలం ఆవిడది. ఆయన మొహం అంత పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "అది ఉత్త అబద్ధపు కాయితమే. నీకు తెలవదా ఏంది?" అన్నాడు తాతయ్య.

నాయనమ్మ కంచంలో అన్నం పెడుతూ, తలెత్తకుండా, "ఆ మాట పొయ్యి ఆ ఆఫీసులో చెప్పిరా. రేపే అమ్మేస్తా," అంది.

ఆయన వెళ్తాడనే అనుకున్నాను నేను. మర్నాడు చూశాను, ఆ వారమంతా చూశాను. వెళ్ళలేదు. పొలం లేనివాడికి దక్కాల్సిన భూమిని దాచుకోవడానికి ఇంట్లో మనిషిని కాదనుకున్నాడు. ఆమె కావాలో భూమి కావాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మళ్ళీ భూమే కావాలనుకున్నాడు. నాయనమ్మ ఆయనకి చివరిదాకా అన్నం పెట్టింది. పేరంటాల్లో మాత్రం ఆ చేను ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ ఎండాకాలం నా దగ్గర కూచుని పలక మీద సంతకం నేర్చుకుంది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఏ కాయితం మీద సంతకం పెట్టాలన్నా మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి గాని పెట్టను. బ్యాంకులో కుర్రాళ్ళు విసుక్కుంటారు, వెనక నిలబడ్డవాళ్ళు గొణుక్కుంటారు. వాళ్ళేమనుకుంటే నాకేం? అలా చదువుతున్నంతసేపూ నాయనమ్మ ఎదురుగా కూచుని బొటనవేలు చూసుకుంటున్నట్టే ఉంటుంది నాకు.