సానుకూలంగా పరిశీలించిన పెళ్లి

ఆ రోజుల్లో నా మాటల మీద నాకు భలే పొగరుండేది. అన్నం లేకపోయినా ఒక పూట ఉండగలిగేదాన్ని గానీ, ఒక మాట తిన్నగా చెప్పమంటే నా వల్ల అయ్యేది కాదు. దానికి కారణం నేను చేసిన కొలువు. క్యాంపస్‌లో ఎమ్మే చదువుకుంటూ, చేతిఖర్చులకు డబ్బులుంటాయని సాయంత్రాలు తార్నాకలో ఒక కార్పొరేటర్ గారి ఆఫీసులో ప్రకటనలు రాసే పనికి కుదిరాను. అక్కడ నా గురువు పీఏ అంకుల్. (టైమెంతయిందని అడిగినా "సాయంత్రం కావస్తున్నదమ్మా" అనేవాడే తప్ప అంకె చెప్పి ఎరగడు.) మొదటి రోజే నేను "గల్లీలో మురుగు మోరీ పొంగింది, రేపు బాగు చేయిస్తాం" అని రాసిస్తే ఆయన గుండె పట్టుకున్నంత పని చేశాడు.

"ఏందమ్మా గిది? రేపంటే రేప్పొద్దుగాల్నే వచ్చి కూసుంటరు గద జనం! పొంగింది అనొద్దు, అసౌకర్యం కలిగింది అను. చేయిస్తం అనొద్దు, సానుకూలంగా పరిశీలిస్తున్నం అను. అవుననొద్దు, కాదనొద్దు. గదే పాలిటిక్స్!"

ఏకసంథాగ్రాహిని కదా, ఆ విద్య ఇట్టే ఒంటబట్టింది. గతుకుల రోడ్డు నా చేతిలో పడి "అభివృద్ధికి అపార అవకాశాలున్న మార్గం" అయిపోయింది. నల్లా రాని వారం "నీటి పొదుపు వారోత్సవం" అయింది. హాస్టల్‌కొచ్చినా ఆ రోగం వదిలేది కాదు. మెస్సులో సాంబారు నీళ్లలా ఉందని రూమ్మేట్ మొత్తుకుంటే "అందులో పప్పు పాత్ర పరిమితం" అనేదాన్ని. "నీకు గవర్నమెంటు పూనిందే తల్లీ" అని అది రెండు చేతులెత్తి దండం పెట్టేది.

మా క్లాసులో ఒకతనుండేవాడు. ఎండైనా వానైనా గొడుగు వదలడు కనుక అందరం అతన్ని గొడుగు అనే పిలిచేవాళ్లం. తార్నాకలో మా కార్పొరేటర్ గారి వార్డులోనే వాళ్ల ఇల్లు. అతనంటే నాకు ఇష్టం. ఉత్త ఇష్టం కాదు, దూరాన నల్లగొడుగు కనిపిస్తే చాలు, చున్నీ సర్దుకుని నడక మార్చేసేంత ఇష్టం. ఒక మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, గొడుగు కొసతో నేల గీకుతూ అతనే అన్నాడు.

"ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. ఆదివారం బౌద్ధనగర్ పోయి పిల్లను చూద్దామంటున్నది అమ్మ. నువ్వు ఊ అంటే వద్దని చెప్త. నన్ను చేసుకుంటవా?"

ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న మాట. తీరా నోరు తెరిస్తే వచ్చిందేమిటి? "నీ ప్రతిపాదన పట్ల సానుకూలంగా ఉన్నాను. అన్ని కోణాల్లో పరిశీలించి, తగిన సమయంలో సముచిత నిర్ణయం తీసుకుంటాను." (ఇంత హుందాగా 'సరే' అన్న ఆడపిల్ల ఇంకెక్కడా ఉండదని లోలోపల మురిసిపోయాను కూడా.) అతను నా మొహంలోకి కాసేపు చూసి, "సరే తియ్" అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. పాపం, సిగ్గుపడ్డాడనుకున్నాను.

ఆదివారం పొద్దున నేను తలకు నూనె రాసుకుంటుంటే రూమ్మేట్ పరుగెత్తుకొచ్చింది. "గొడుగును వద్దన్నవంట! ఇయ్యాల పిల్లను చూడనీకి పోతున్నరంట!"

"నేనెప్పుడు వద్దన్న? సానుకూలంగ ఉన్న అన్న గద!"

"ఓసి పిచ్చిదానా! వాళ్ల గల్లీల మోరీని గొడుగు ఇంటర్ల ఉన్నప్పటి సంది సానుకూలంగనే పరిశీలిస్తున్నరు. ఆ మాటంటే ఆ గల్లీల 'కాదు' అనే అర్థం!"

ఇప్పుడా మాటను ప్రకటనల్లో రాసి ఆ గల్లీకి పంపుతున్నది ఎవరు? నేనే. నూనె తలతోనే ఆటో ఎక్కి వెళ్లాను. గల్లీ అంతా మురుగునీళ్లు, నడవడానికి వరసగా ఇటుకలు. వాకిట్లో గొడుగు వాళ్లమ్మ పట్టుచీర కట్టుకుని, స్వీట్ల సంచితో బయలుదేరబోతోంది. వెనకాల గొడుగు. ఆమె నన్ను చూడగానే, "కార్పొరేటర్ ఆఫీసు పిల్లవు గద? మోరీ సంగతేమైంది?" అంది.

ఇటుక మీద ఒక కాలు, నీళ్లలో ఒక కాలు. నా విద్యంతా ఎటుపోయిందో తెలియదు. "మోరీ సంగతి నాకు తెల్వదు ఆంటీ. నాకు మీ కొడుకు కావాలె. బౌద్ధనగర్ పోవద్దు" అనేశాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎప్పుడు చేసుకుంటవ్? తగిన సమయంలనా?"

"పరీక్షలైన నెలకు."

ఆమె సంచి కింద పెట్టింది. "ఆ ఆఫీసు నుంచి వచ్చి ఎప్పుడన్నది తేల్చి చెప్పింది నువ్వొక్కదానివే బిడ్డా. లోపలికి రా, కాళ్లు కడుక్కో."

ఇప్పుడు నేను ఒక పెద్ద ఆఫీసులో సర్క్యులర్లు రాస్తున్నాను. పాత విద్యే, జీతం మాత్రం ఎక్కువ. సాయంత్రం గొడుగాయన "చాయ్ పెడుతవా?" అంటే "సానుకూలంగ పరిశీలిస్తున్న" అంటాను. నా మాట పూర్తి కాకముందే ఆయనే వెళ్లి స్టవ్ మీద గిన్నె పెడతాడు. మొన్న మా ఆఫీసులో ఒకమ్మాయి, తన బదిలీ అవుతుందా కాదా అని నన్ను సూటిగా అడిగింది. కాదని నాకు తెలుసు. అయినా "పరిశీలనలో ఉందమ్మా" అన్నాను. ఇంటికొస్తుంటే, నూనె తలతో ఇటుక మీద నిలబడి, ఉన్నమాట చెప్పేసిన ఆ పిల్ల గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. దాని ధైర్యంలో సగమైనా నాకు మిగిలి ఉంటే బాగుండేదనిపించింది.