బుధవారం పట్టిన చేప

మొన్న హౌన్స్‌లోలో గది ఖాళీ చేస్తుంటే బియ్యం డబ్బా వెనక నుంచి ఒక రబ్బరు చేప బయటపడింది. అట్లకాడంత పొడుగు, ఆకుపచ్చ వీపు, కడుపు కింద రెండు గాలాలు, ఒక్కోదానికి మూడేసి కొక్కేలు. దాన్ని చూడగానే ఒక వీరగాథ రాయాలనిపించింది: బురద నీరు, గాలివాన, మనిషికీ మహామత్స్యానికీ మధ్య భీకర పోరు. రాస్తాను గానీ, ముందే ఒప్పేసుకుంటున్నాను. పోరు నాలుగు నిమిషాలు. గాలివాన లేదు, రోజూ పడే తుంపరే. మత్స్యం క్షేమంగా ఇంటికి వెళ్ళింది. మేమే అలా వెళ్ళలేకపోయాం.

అప్పట్లో నేను స్లౌ అనే ఊళ్ళో అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. మాస్టర్స్ చివరికొచ్చింది, డిసర్టేషన్ రాస్తున్నానని అందరికీ చెప్పుకుంటున్నాను. బావ అక్కడే ట్రేడింగ్ ఎస్టేట్ అనే కంపెనీల పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేవాడు. ఒక సోమవారం కంపెనీ ఆయన్ని పొమ్మంది. ఆయన వీసా ఆ ఉద్యోగాన్ని పట్టుకుని ఉంది. ప్రభుత్వం నుంచి మెయిలు వచ్చాక అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. అక్క వీసా బావ వీసాని పట్టుకుని ఉంది. నర్సరీలో చంటిపిల్లల్ని చూసుకునే అక్క ఉద్యోగం ఆమె వీసాని పట్టుకుని ఉంది. ఈ గొలుసులో లేనివాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే కాబోలు, బావ నాకొక్కడికే చెప్పాడు. "ఏదోటి దొరికాక చెబుదాంరా మీ అక్కకి. ఇప్పుడు చెబితే నిద్ర మానేస్తుంది." సరేనన్నాను. నాకు రహస్యాలు దాచడం వచ్చని ఆయనకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

మర్నాటి నుంచి బావ ఎప్పటిలాగే ఎనిమిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. మెళ్ళో వేసుకునే ఆఫీసు కార్డు కంపెనీ తీసేసుకుంది కాబట్టి, ఆ తాడుకి లైబ్రరీ కార్డు తగిలించాడు. అక్క బాక్సు కట్టేది, ఒక రోజు పులిహోర, ఒక రోజు వంకాయ కూర. పది దాకా లైబ్రరీలో కూర్చుని ఉద్యోగాలకి అప్లికేషన్లు పంపేవాడు. తరవాత నన్ను కారెక్కించుకుని ఊరి చివర కంకర తవ్వగా మిగిలిన చెరువుకి వెళ్ళేవాడు. "ఫోను చూస్తూ కూచుంటే పిచ్చెక్కుతోందిరా, చేతికి ఏదో పనుండాలి" అనేవాడు. భీమవరం దగ్గర పుట్టిన మనిషి, చేతికి పనంటే ఆయనకి గుర్తొచ్చేది గాలమే. చేపలు పట్టడానికి లైసెన్సు, చెరువుకి రోజు టికెట్టు అన్నీ పద్ధతిగా తీసుకున్నాడు. వీసా మీద బతికేవాడికి కాగితాలంటే భక్తి.

చిక్కంతా ఎర దగ్గర వచ్చింది. మనవాళ్ళు ఏది నేర్చుకోవాలన్నా అమెరికావాళ్ళ వీడియోలే చూస్తారు. బావ కూడా రాత్రిళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నోరు బకెట్టంత ఉన్న బాస్ అనే చేపల్ని పట్టే వీడియోలు చూశాడు. బురద నీళ్ళలో చేపకి చూపు ఆనదట, పెద్ద ఎర వేసి నీళ్ళు కుదిపితే ఒంటితో వింటుందట. అంతే, అట్లకాడంత రబ్బరు చేపలు అరడజను దిగాయి. టీ రంగు నీళ్ళలోకి అది పడినప్పుడల్లా ఎవరో చెప్పు విసిరినట్టు చప్పుడయ్యేది. ఎనిమిది రోజులు విసిరాం. చెరువులో ఒక బాతు మా మీద విసుక్కోవడం తప్ప ఏమీ కదల్లేదు.

తొమ్మిదో రోజున టికెట్లు చూసే ముసలి దొర ఆ ఎరని అటూ ఇటూ తిప్పి చూసి, దేనికోసమని అడిగాడు. బావ చెప్పాడు. ఆ చేప ఈ చెరువులోనే కాదు, ఈ దేశంలో ఏ చెరువులోనూ ఉండదని ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. కాకపోతే పైక్ అనే చేప ఉందట, పొడుగు మూతి, పళ్ళు, బురదలో మాటేసే రకం, దానికి ఈ ఎర నచ్చొచ్చట.

"అంటే మన కొర్రమీనులాంటిది" అన్నాడు బావ, ఆయన వెళ్ళాక. ఎరని చేతిలో తిప్పి చూసుకుని, "ఎనిమిది రోజుల్నించీ లేని చేపకి గాలం వేస్తున్నామన్నమాట" అన్నాడు.

"అప్లికేషన్లు కూడా అంతే కదా బావా."

ఆయన నవ్వలేదు. నేను నవ్వించబోయి చేసిన తప్పుల్లో అది చిన్నది. పెద్దది ఆ బుధవారం చేశాను.

బుధవారం పదకొండింటికి కర్ర ఒక్కసారిగా వంగింది. బావ మోకాళ్ళ దాకా బురదలో దిగి, ఇస్త్రీ చొక్కా పాడైపోతున్నా పట్టించుకోకుండా దాన్ని లాక్కొచ్చాడు. చెయ్యంత చేప. ముసలి దొర పరుగున వచ్చి, తడిపిన మెత్తటి చాప మీద దాన్ని పడుకోబెట్టించి, పొడుగాటి పటకారుతో కొక్కేలు తీశాడు. దాన్ని తిరిగి వదిలెయ్యాలి, అది చెరువు నియమం. పులుసుకి పనికొచ్చే చేపని పసిపిల్లకి స్నానం చేయించినట్టు నీళ్ళలో పట్టుకుని నిలబడాలంటే గోదావరి మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ బావ నవ్వుతున్నాడు. పదిహేను రోజుల్లో అదే మొదటి నవ్వు. ఫొటో తీశాను. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను, అక్కకి కనపడకుండా, అక్క స్నేహితులకి కూడా కనపడకుండా జాగ్రత్తగా ఏరి మరీ దాచాను. అమ్మని మర్చిపోయాను.

మా అమ్మ స్టేటస్‌లని పేపరు చదివినట్టు చదువుతుంది. వెంటనే తణుకు నుంచి అక్కకి ఫోను చేసింది: "అల్లుడుగారు చేపలు పడుతున్నారేంటే, బుధవారప్పూట? ఆఫీసుకి సెలవా?"

ఇరవై నిమిషాలకి బావ ఫోను మోగింది. కార్లో స్పీకరు మీద ఉంది.

"ఎక్కడున్నారు?"

"ఆఫీ..." అని ఆగిపోయాడు. "చెరువు దగ్గర."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదిహేను రోజులు. ఉద్యోగం పోయింది."

వెనక నర్సరీ పిల్లలు ఏదో పాట పాడుతున్నారు. ఆ పాట అయిపోయాక అక్క అడిగింది.

"వాడికి తెలుసా?"

"తెలుసు."

ఫోను పెట్టేసింది.

సాయంత్రం మేం వెళ్ళేసరికి అక్క కోటు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని ఉంది. అంతకుముందు శుక్రవారమే నర్సరీవాళ్ళు ఇచ్చే ట్రైనింగుకి సంతకం పెట్టిందట, ఏడాదిపాటు మానెయ్యనని. మాకు తెలియదు. ఆమెకి మా సంగతి తెలిసుంటే పెట్టేది కాదు.

"ఉద్యోగం పోవడం మీ తప్పు కాదండి" అంది బావతో. "రోజూ బాక్సు కట్టించుకున్నారు చూడండి, అది తప్పు."

బావ తల వంచుకుని మెళ్ళో తాడు తీసి బల్ల మీద పెట్టాడు. అక్క నా వైపు తిరిగింది.

"నువ్వు నా తమ్ముడివనుకున్నాన్రా. ఆయన బామ్మర్దివన్నమాట."

దానికి నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. మంచిదే. మింగేశాను. పదకొండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, దుప్పటి మడిచి ఇచ్చేది, మాట మాత్రం లేదు.

ఆ పదకొండు రోజుల్లో రెండోనాటి నుంచి బావ అప్లికేషన్లు అక్కే కూర్చుని దిద్దింది. మెయిలు వచ్చిన యాభై మూడో రోజున కార్డిఫ్‌లో ఒక ఆఫీసువాళ్ళు ఆయన్ని తీసుకున్నారు, పాతదానికంటే ఒక మెట్టు కింద. ఇక్కడ నర్సరీవాళ్ళకి క్షమాపణ చెప్పి అక్క ట్రైనింగు వదిలేసింది. అక్కడ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు నాతో బాగానే మాట్లాడుతుంది. కాకపోతే నేను ఏ కబురు చెప్పినా, నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు కూడా, ముందు ఒక ప్రశ్న వేస్తుంది: "నాకంటే ముందు ఇంకెవరికి చెప్పావు?" ఎవరికీ చెప్పలేదంటాను. కాసేపాగి, సరేలే అంటుంది. ఆ కాసేపు ఏడాదికేడాది తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

అరవై రోజులు ఎంత తక్కువో బావకి తెలుసు, పదకొండు రోజులు ఎంత ఎక్కువో నాకు తెలుసు. ఈ ఆదివారం కార్డిఫ్‌లో వాళ్ళింటికి వెళ్తున్నాను. దారిలో రెడింగ్‌లో రైలు మారాలి.