గోడవైపు తిరిగిన బొమ్మలు

నా డెస్కు మీది గొర్రె రోజూ పొద్దున్నే గోడవైపు తిరిగి ఉండేది.

మూడు నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఎవరో రాగిరేకు మీద సూదితో గీసి, ఆసిడ్‌లో ముంచి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీసిన గొర్రె అది. నా దగ్గరున్నది దాని నకలు, చిన్న ఫ్రేములో. హైటెక్ సిటీలో వారమంతా కోడ్ రాసి, శనివారాలు ఆ విద్య నేర్చుకునేదాన్ని. నిలబడ్డ జంతువు ఆగదు కాబట్టి ఆ రోజుల్లో పడుకున్నవాటినే ఎక్కువ గీసేవాళ్లట. చచ్చినవాటిని ముందు పెట్టుకుని గీసి, బొమ్మలో కళ్లు తెరుచుకున్నట్టు చూపినవాళ్లూ ఉన్నారని మా మాస్టారు చెప్పారు.

ఫ్రేము తిప్పేది ఆఫీసులో మా ఫ్లోర్ తుడిచే అక్క. బోరబండ నుంచి వస్తుంది, ఊళ్లో మేకలు కాసిన మనిషి. ఎందుకని అడిగాను.

"దాంట్ల పానం లేదు మేడం. కండ్లు మాత్రం తెరిచిపెట్టిన్రు. అది చూస్తుంటే నాకు పని సాగదు."

మాస్టారు చెప్పిన సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. అయినా నవ్వేసి ఫ్రేము ఇటు తిప్పుకున్నాను. నాది మొండితనం.

లింగంపల్లిలో నాతో ఉండేది ఒక ముసలి కుక్క. పదకొండేళ్లుగా నాకున్న ఇంటిమనిషి అదే. దాని బొమ్మ గీయాలని నా ఆశ, క్షణం ఆగితే కదా! సూది పట్టుకుంటే చాలు, వచ్చి చేయి నాకేది. ఒక ఆదివారం మాత్రం మెడ చాపి, ముంగాళ్లు ఎడంగా పెట్టి, బాల్కనీ దగ్గర బోర్లా పడుకుంది. రెండు గంటలు కదల్లేదు. "కదలకు బంగారం, కదలకు" అంటూ రాగిరేకు మీద నేరుగా గీసేశాను. అన్నం ముట్టకపోతే ఎండల వల్లే అనుకున్నాను. వారమంతా అలాగే పడి ఉంటే, గీసింది సరిచూసుకోవడానికి బాగుందనుకున్నాను. అంత గుడ్డిదాన్ని.

శనివారం అచ్చు తీస్తే మాస్టారు మెచ్చుకున్నారు. సోమవారం దాన్ని గొర్రె పక్కన పెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి రెండు బొమ్మలూ గోడవైపు తిరిగి ఉన్నాయి. కోపంగా అక్కను పిలిచాను.

"గీ కుక్క ఎప్పుడు సచ్చింది మేడం?" అంది.

"చావడమేంటి? ఇంట్లో ఉంది. నేనే గీశాను."

"లేస్తుందా మరి? తింటుందా?"

లాప్‌టాప్ మూయకుండానే వెళ్లి ఆటో ఎక్కాను. ఇంటికొచ్చేసరికి కుక్క బాల్కనీ దగ్గరే ఉంది. అదే మెడ, అవే కాళ్లు, కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. అచ్చులో కుడి ఎడమ అయిందంతే, నా బొమ్మలో ఇంకొక్క గీత కూడా తప్పు లేదు. భయంతో దాన్ని ఎత్తుకుని పశువుల దవాఖానకు పరిగెత్తాను.

డాక్టరు స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు విన్నారు. "ఊపిరితిత్తుల నిండా నీరేనండి. ఊపిరాడకే మెడ అలా చాపుతోంది. ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది రోజులు" అన్నాను. ఆయన మొహం చూడలేకపోయాను.

నా గొంతు విని అది తల ఎత్తి, నా చేయి నాకబోయింది. నీరు తగ్గించే మందుతో సూది పట్టుకున్న డాక్టరు "కదలకు బంగారం" అన్నారు, అచ్చం నాలాగే. చెప్పిన మాట విని అది తల దించేసింది. మళ్లీ ఎత్తలేదు.