అడిగొస్తా గారు, నాలుగు పాత లైన్లు

మా ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన అడిగొస్తా గారు. పాత ప్రోగ్రాములో ఒక్క లైను మార్చాలన్నా, అది రాసినవాళ్లెవరో కనుక్కుని, వాళ్లను అడిగి వస్తేగాని కీబోర్డు మీద వేలు పెట్టేవారు కాదు.

ముప్పై ఏళ్ల కిందట సి భాషలో రాసిన ప్రోగ్రాములను కొత్త కంపైలర్ల కింద నడిచేలా దిద్దడం మా పని. మనం రాసింది చదివి యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలరు. పాతది ఇంట్లో పెద్దమ్మ లాంటిది. మనం ఏదైనా చెప్పడం మరిచిపోతే, పోనీలే ఇదే అయ్యుంటుందని సర్దుకునేది. కొత్తది ఆడిటరు. కాగితం చూపించందే కదలదు. ఒక్కసారి నడిపితే హెచ్చరికలు వేలల్లో రాలతాయి.

చాలావాటికి నాకు నిమిషం పడితే, ఆయనకు మూడు రోజులు పట్టేది. ఒకసారి ఒక బ్రాకెట్ గురించి రిటైరైన ఇంజనీరుకు ఫోన్ చేస్తే, కంటి ఆపరేషన్ అయిందన్నారు. ఈయన ఆ కట్టు విప్పేదాకా ఆగారు. ఇంకోసారి ఇంకో బ్రాకెట్ తక్కువైతే, రాసినాయన చనిపోయాడని తెలిసి ఆయన భార్యను అడిగారు. కంప్యూటరు ముఖమే ఎరగని ఆవిడ నలభై నిమిషాలు మాట్లాడింది. ఏమందని అడిగాను.

"ఆయనకు అన్నిటికీ తొందరేనట. మరిచిపోయే ఉంటాడంది" అని, అప్పుడు పెట్టారు బ్రాకెట్.

ఇంట్లోనూ ఇదే వరస. వంటగదిలో లైటు పాడైతే వైరింగు చేసినాయన్ని అడగాలన్నారట. "ఆ వైరింగాయన పోయి ఆరేళ్లయింది తమ్ముడూ, మేం చీకట్లోనే వండుకుంటున్నాం" అని వాళ్లావిడ నాతో చెప్పుకుంది.

ఆస్పత్రి పని వచ్చేదాకా ఇవన్నీ నవ్వుకోడానికి బాగానే ఉండేవి.

ఆ ఆస్పత్రిలో ఎవరికైనా డ్రిప్పు ఆగిపోతే నర్సు బల్ల దగ్గర గంట మోగించే ప్రోగ్రాము ఒకటుంది. అంతకు ముందటేడు కంప్యూటర్లు మార్చినప్పుడు, దాన్ని వేరే కంపెనీ వారం రోజుల్లో కొత్త కంపైలరుకు మార్చి చేతులు దులుపుకుంది. ఒక మధ్యాహ్నం పదకొండో మంచం దగ్గర డ్రిప్పు ఆగింది. గంట మోగలేదు. ఆ మంచం మీదున్న బస్సు డ్రైవరు చనిపోయాడు. ఏడాదిగా సాగుతున్న విచారణకు కంపెనీవాళ్లు ముగ్గురు లాయర్లతో వచ్చి, అసలు ప్రోగ్రామే తప్పు, రాసినావిడదే బాధ్యత అన్నారు. ఆవిడ ఎప్పుడో రిటైరై, మోకాళ్ల నొప్పులతో కూతురింట్లో ఉంటోంది. తరఫున మాట్లాడే దిక్కు లేదు. నెలాఖరుకు ఆ చావుకు కారణంగా ఆవిడ పేరు రాయబోతున్నారు. ప్రోగ్రాము సరిచేసి, అది నిజమో కాదో తేల్చమని మాకు పంపారు.

కారణం మూడో రోజే దొరికింది. మంచం వివరాలు యంత్రం మెమరీలో ఎక్కడున్నాయో ఆ అడ్రసు తెచ్చే ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో చిన్న ముక్క, ఒకటుంది. అది తెచ్చేది అడ్రసని ముందుగా ఎక్కడా డిక్లరేషన్ రాయలేదు. రాయకపోతే పూర్ణసంఖ్య అనుకోవడం పాత కంపైలరు పద్ధతి. పాత యంత్రంలో రెంటి కొలతా ఒకటే కాబట్టి నడిచిపోయింది. కొత్త యంత్రంలో అడ్రసు పొడవు రెట్టింపు. అందులో సగం తెగిపోయింది. తెగిన సగంలో సున్నాలే ఉన్నన్నాళ్లు తేడా తెలియలేదు. సరిగ్గా గంట మోగించాల్సిన క్షణంలో, ఆ సగం అడ్రసు పట్టుకుని వెళ్లి ప్రోగ్రాము చచ్చింది. కొత్త కంపైలరు ముందే మొరాయిస్తే, కంపెనీవాళ్లు పాత పద్ధతికి సర్దుకోమని చెప్పి, హెచ్చరికలన్నిటికీ నోరు కట్టేశారు.

అయినా డిక్లరేషన్ రాయనిది ఆవిడే కదా అన్నాను. ఆయన మామూలుగానే "అడిగొస్తా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. చావు భారం మోస్తున్న మనిషికి ఆ తప్పు చూపించి అడుగుతారా అని దెబ్బలాడాను. ఆయన పది రోజులు ఆస్పత్రి స్టోరు గదిలో దుమ్ము తిని, ఆవిడ రాసిన ప్రోగ్రాము పాత ప్రింటొకటి చంకన పెట్టుకుని బయల్దేరారు. తోడుగా నేనూ వెళ్లాను.

గుమ్మంలో కూతురు అడ్డంగా నిలబడింది. ఏడాదిగా తల్లి సరిగా తినడం లేదంది. బతిమాలితే దారిచ్చింది. లోపల మంచం మీదున్న పెద్దావిడ మమ్మల్ని కూర్చోమనకుండానే అడిగింది:

"ఆ డ్రైవరుకు పిల్లలెంతమంది?"

"ఇద్దరండీ" అన్నారు అడిగొస్తా గారు. తర్వాత బుర్ర గోక్కుంటూ ప్రింటు తీశారు. "మేడం, ఈ మొదటి నాలుగు లైన్లు నాకు అంతుపట్టడం లేదు. ఎందుకు రాశారో చెబుతారా?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. "ఇదీ తెలీదా? అడ్రసూ పూర్ణసంఖ్యా ఒకే కొలత కాకపోతే ప్రోగ్రాము మొదలవదు. నేను డిక్లరేషన్లు రాయలేదు కదయ్యా. ఇంకో మెషీన్ ఎక్కిస్తే కొంప మునుగుతుంది. అందుకని మొదట్లోనే ఆపేశా."

"ఆపేస్తే ఎలాగండీ?"

"ఆగితేనే గదా, ఎందుకాగిందని ఎవరో ఒకరు చూసేది."

అన్నాక ఆ మాట తనే విన్నట్టుంది. కాగితం మీద వేలు అక్కడే నిలిచిపోయింది.

"ఇవి ఇప్పటిదాంట్లో ఉన్నాయా?"

"లేవండీ. ప్రోగ్రాము మొదలవడం లేదని తీసేశారు."

ఆవిడ ఆ నాలుగు లైన్లూ మళ్లీ చదివింది. తర్వాత కూతుర్ని పిలిచి, వీళ్లకు మంచినీళ్లివ్వమంది. తనకూ ఏదైనా తినడానికి పెట్టమంది.

మెట్లు దిగుతుంటే అడిగాను, ఆ నాలుగు లైన్ల సంగతి ఆయనకు ముందే తెలుసా అని. తెలుసన్నారు. మరి మీ తప్పు లేదమ్మా అని ఫోన్లో ఒక్క మాట చెబితే పోయేదిగా అన్నాను.

"ఏడాదిగా కూతురు చెబుతూనే ఉంది. నమ్మిందా?"

"అయితే, పోయినాయన భార్యను అడిగిన ఆ బ్రాకెట్ సంగతి?"

"బ్రాకెట్ సంగతి ఎవరికి తెలీదయ్యా" అన్నారు విసుగ్గా.

విచారణ రిపోర్టులో ఆవిడ పేరు రాలేదు. నాలుగు లైన్లు తీసేసిన తేదీ, తీసినవాళ్ల వివరం వచ్చాయి. పోయిన డ్రైవరు తిరిగి రాలేదు.

మరుసటి వారం కూతురు నాకు ఫోన్ చేసింది. వాళ్లమ్మ కబురు పెట్టిందట. వచ్చినాయన మంచివాడే గాని పని బొత్తిగా రాదు, ఉద్యోగం ఊడుతుందేమో పాపం, శనివారాలు పంపిస్తే మొదట్నించీ నేర్పుతానంది.

అడిగొస్తా గారికి అప్పటికి యాభై ఏడేళ్లు. కొత్త నోటుబుక్కు కొనుక్కుని వెళ్లారు. రెండో వారం ఇంటిపనిలో మూడు తప్పులు చేసుకెళ్లి చీవాట్లు తిన్నారట. ఆ తప్పులు కావాలని చేసినవేనని నా అనుమానం. ఆయన మాత్రం ఒప్పుకోరు.