టోపీ కింద ఇంటావిడ

ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్ళు, జనం చూడ్డానికి వచ్చే రోజున ఆ ఇంట్లో ఉండకూడదు. అమెరికాలోని పాసడీనాలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు క్రెయిగ్, ఇంటావిడ ఓపల్‌కి మరీ గట్టిగా చెప్పాడు. అయినా ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చెల్లెలి ఎండటోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తన ఇంటి మెట్లు తనే ఎక్కి, "ఇల్లు చూడొచ్చా?" అని అడిగింది.

క్రెయిగ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "రండి మేడమ్" అన్నాడు పళ్ళు బిగబట్టి. వంటింట్లోంచి ఓవెన్‌లో పెట్టిన బిస్కెట్ల కమ్మటి వాసన వస్తోంది. ఆ వాసనకి కొనేవాళ్ళ మనసు కరుగుతుందని అతని నమ్మకం.

ఓపల్ ఇంత తెగింపు చేయడానికి కారణం తెల్లరంగు. నూరేళ్ళు దాటిన ఇల్లది. గోడలకి చెక్క పలకలు, గోడలోనే అమర్చిన గిన్నెల బీరువా, కిటికీ కింద కూర్చోడానికి మూత ఉన్న పెట్టె, అన్నీ చేత్తో చేసినవే. ఆవిడా, ఆవిడ మొగుడు రే కలిసి కొన్నప్పుడు అదంతా తెల్లరంగు పూతల కింద పూడిపోయి ఉంది. ఆయన ఉత్తరాలు పంచి, ఆవిడ సిటీబస్సు నడిపి ఇంటికి రాగానే ఆ రంగు వదలగొట్టడానికి చెరో గీకుడు కత్తీ పట్టుకునేవాళ్ళు. పోట్లాడుకున్న రోజుల్లో చెరో గదిలో గీకేవాళ్ళు. వాళ్ళ కాపురం సగం ఆ రంగు పొట్టులోనే గడిచింది.

రే పోయాడు. ఓపల్ మోకాళ్ళు మొరాయించాయి. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవడం ఆవిడకి పెద్ద బెంగేమీ కాదు. కొన్నవాళ్ళు ఆ చెక్కకి మళ్ళీ తెల్లరంగు పూస్తారేమోనన్నదే కంటి మీద కునుకు లేకుండా చేసింది. సాక్షాత్తూ క్రెయిగే అన్నాడు మరి: "ఒక్క పూత వేయించండి ఓపల్ గారూ, చిటికెలో అమ్ముడుపోతుంది. ఈ నల్ల చెక్క చీకటికి జనం జడుసుకుంటారు."

"నేను చచ్చాక వేయించు" అందావిడ.

ముందు ఒక పెద్దమనిషి వచ్చాడు. బీరువాని వేలితో కొట్టి చూసి, "ఇది పీకించేసి, గోడలన్నీ తెల్లగా కొట్టిస్తే అప్పుడు కొంప కొంపలా ఉంటుంది" అన్నాడు.

"అంత తెలుపు కావాలంటే ఆసుపత్రి కొనుక్కో నాయనా!" అనేసింది ఓపల్. క్రెయిగ్‌కి పొరబోయింది. పెద్దమనిషి ఒక బిస్కెట్టు నోట్లో వేసుకుని చక్కా పోయాడు. ఓపల్ గుండె మాత్రం జారిపోయింది. వచ్చేవాళ్ళంతా ఇలాంటివాళ్ళే అయితే?

తరవాత మరిసోల్ అనే అమ్మాయి, ఆమె మొగుడు డ్వేన్ ఇల్లు చూడ్డానికి వచ్చారు. డ్వేన్ కిటికీ కింది పెట్టె మూత ఎత్తబోయాడు. అది రాలేదు. ఇంకాస్త బలంగా లాగాడు.

"అయ్యో, విరుగుతుంది, ఆగు!" అంటూ ఓపల్ వెళ్ళి, పిడికిలితో ఎడమ మూల ఒక్కటి పొడిచి, అరచేత్తో మూత పైకి లేపింది. అది బుద్ధిగా తెరుచుకుంది.

మరిసోల్ ఆవిడ వంక, టోపీ వంక చూసింది. "ఇల్లు మీదేనా అమ్మా?"

క్రెయిగ్ తల పట్టుకున్నాడు. ఓపల్ టోపీ తీసేసింది. "నాదే. ఇక తిట్టుకోండి."

"తిట్టడమెందుకు? నేనైతే మంచం కింద దూరి వినేదాన్ని" అంటూ మరిసోల్ పక్కగది అలమార తెరిచింది. లోపలంతా తెల్లరంగు. "దీన్నొక్కదాన్నీ వదిలేశారేం?"

"ఇల్లు ఒకప్పుడెలా ఉండేదో గుర్తుండాలని వదిలానన్నాడు మా ఆయన. అబద్ధం. బద్ధకం!"

ముగ్గురూ నవ్వారు. మరిసోల్ లోపలికి వంగి, రంగు పెచ్చు లేచినచోట బయటపడ్డ చెక్కని వేలితో తడిమింది. "ఎంత బావుందో! డ్వేన్, ఇల్లు మనకొస్తే ముందు ఇదే గీకాలి. వంటిల్లు మాత్రం పసుప్పచ్చ వేస్తానమ్మా, ముందే చెబుతున్నా."

"వంటింటికి మొదట్నుంచీ రంగే, కట్టినవాళ్ళే వేశారు. నీలం వేసుకో, ఎరుపు వేసుకో, నీ ఇష్టం!" అంది ఓపల్. అన్నాళ్ళుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయి, హాయిగా ఊపిరి పీల్చుకుంది. కళ్ళనీళ్ళు వస్తుంటే తుడుచుకోలేదు. గరాజులోకి వెళ్ళి, పిడి అరిగిన గీకుడు కత్తి తెచ్చి మరిసోల్ చేతిలో పెట్టింది.

"ఓపల్ గారూ! ఇంకా ఎవరూ ఎవరికీ మాటివ్వలేదు!" అని మొత్తుకున్నాడు క్రెయిగ్.

"నేనిచ్చాను" అంది ఓపల్. "ఇది రే కత్తి. ఆయన చేయాల్సిన పని ఇంకా మిగిలుందిగా."